చిన్న వ్యాన్‌లో పెద్ద ఫ్రిజ్ బిగించాలంటే: గూడు, గాలి, వైరు

అమెరికాలో స్ప్రింటర్, ట్రాన్సిట్, ప్రోమాస్టర్ లాంటి వ్యాన్ల మీద కట్టిన చిన్న మోటర్‌హోమ్‌లను క్లాస్ బి అంటారు. కాస్త పాత బండి కొంటే అందులో ఎక్కువగా కనిపించేది మూడు క్యూబిక్ అడుగుల గ్యాస్ ఫ్రిజ్. అంటే 85 లీటర్లు. గాలన్ పాల క్యాను, పెరుగు డబ్బా, దోసెల పిండి గిన్నె పెట్టేసరికి కూరగాయలకు చోటుండదు. మిగిలిన సందులో కుక్కిన కొత్తిమీర వెనక చల్లబరిచే రెక్కలకు తగిలి గడ్డకడుతుంది, తలుపు పక్కనున్న పెరుగు మాత్రం పులిసిపోతుంది.

ఆ ఫ్రిజ్ తీసేసి, అదే గూట్లో 110 నుంచి 130 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఎలా పెట్టాలో ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలో వచ్చే చిక్కులు నూటికి తొంభై పాళ్లు రెండు చోట్ల నుంచే వస్తాయి: ఫ్రిజ్ వెనక ఆడాల్సిన గాలి, బ్యాటరీ నుంచి వచ్చే వైరు. ఏ కంపెనీ ఫ్రిజ్ కొనాలన్నది ఆ తర్వాతి మాట.

గ్యాస్ ఫ్రిజ్‌ని ఎందుకు తీసేయాలంటే, అది పనిచేసే పద్ధతే వేరు. అందులో మోటారు లేదు. అడుగున చిన్న మంటో, కరెంటు హీటరో అమ్మోనియా కలిసిన నీటిని మరిగిస్తుంది. అమ్మోనియా ఆవిరై పైకెళ్లి, చల్లబడి ద్రవమై, హైడ్రోజన్‌లో కలిసేటప్పుడు చలవ పుడుతుంది. ద్రవం మళ్లీ కిందికి దిగాలంటే తన బరువుతో తానే జారాలి. అందుకే బండి వాలుగా ఆగితే లోపల ద్రవం ఒకచోట నిలిచిపోతుంది, బాయిలర్ ఎండి మాడుతుంది. అలా మాడిన గొట్టాలు మళ్లీ బాగుపడవు. 5,500 అడుగుల ఎత్తు దాటితే మంట సరిగ్గా నిలవదు. గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ సుమారు 7,000 అడుగులు, ఎల్లోస్టోన్‌లో ఎక్కువ భాగం అంతకంటే ఎత్తు. అంటే మనవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లే ఇది మొరాయిస్తుంది. కంప్రెసర్ ఫ్రిజ్‌కి ఎత్తుతో, కాస్త వాలుతో పని లేదు. మండే ఎండలోనూ చల్లగా ఉంచుతుంది. బదులుగా దానికి రోజంతా బ్యాటరీ కావాలి. సోలార్ లేకుండా, చిన్న బ్యాటరీతో, చెట్ల నీడలో వారాల తరబడి ఉండేవాళ్లకు గ్యాస్ ఫ్రిజే నయం.

గూడు కొలవడం

అదే గూట్లో పెద్ద ఫ్రిజ్ ఎలా పడుతుందనే అనుమానం సహజం. గ్యాస్ ఫ్రిజ్ లోతులో చాలా భాగం వెనకున్న బాయిలర్‌కి, పొగగొట్టానికి, గొట్టాల వరసకి పోతుంది. కంప్రెసర్ రకంలో మోటారు అడుగున ఒక మూల కూర్చుంటుంది, ఆ పై భాగమంతా పెట్టెకే మిగులుతుంది. కొత్త ఫ్రిజ్‌లు వెడల్పులో పెద్దగా పెరగవు, ఎత్తులో పెరుగుతాయి. కాబట్టి కింది సొరుగో పై అరో వదులుకోవాలి. నేనైతే సొరుగే తీసేయమంటాను. పైన మైక్రోవేవ్ ఉంటే దాని కింది పలక రెండు పక్క గోడల్ని కలిపి పట్టుకునే కట్టు, దాన్ని కోస్తే అలమర మొత్తం ఊగుతుంది. సొరుగు వెనక ఏముందో మాత్రం ముందే టార్చి వేసి చూడండి. చాలా బండ్లలో అక్కడ ఫర్నేస్ గొట్టమో, 120 వోల్టుల్ని 12కి మార్చే కన్వర్టర్ పెట్టెనో ఉంటుంది. కన్వర్టర్ వేడి నేరుగా ఫ్రిజ్ అడుగుకి తగిలేలా ఉంటే దాని చోటు మార్చాల్సిందే.

వెడల్పు, ఎత్తు, లోతు ఒక్కొక్కటీ మూడు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదే రాసుకోండి. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిస్తే గూడు చదరంగా ఉందో లేదో తెలుస్తుంది. వ్యాన్ గోడ పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతుంది కాబట్టి కింద 22 అంగుళాల లోతున్న గూడు పైన 20కి రావచ్చు. కింద కొలిచి కొన్న ఫ్రిజ్ పైన గోడకి తన్నుకుంటుంది. మాన్యువల్‌లో రెండు రకాల కొలతలుంటాయి: ఫ్రిజ్ బయటి కొలత, చెక్కలో కోయాల్సిన గూడు కొలత. ముందు అంచు చుట్టూ ఉండే బిగింపు పట్టీ గూటికి బయట ఉంటుంది కనుక ఈ రెండూ ఒకటి కావు. మనకు కావలసింది గూడు కొలత, దానికి తోడు వెనక కనీసం 2 అంగుళాల ఖాళీ. తలుపు ఎటు తెరుచుకుంటే నడవ మూసుకుపోదో, ఎదురుగా మంచం పరిచినా సొరుగులు బయటికి వస్తాయో లేదో కూడా అట్టముక్కతో నమూనా కోసి చూసుకోండి.

బ్యాటరీ లెక్క

ఈ సైజు ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగినంతసేపు 4 నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్‌లో గంటకి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు తిరుగుతుంది. 38 డిగ్రీల్లో నలభై నిమిషాలు. రోజు మొత్తానికి మామూలుగా 40 నుంచి 60 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్), మండే ఎండల్లో 75 దాకా. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు, కాబట్టి అది ఫ్రిజ్‌కే ఒక రోజు చాలడం కష్టం. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 80, 90 దాకా ఇస్తుంది.

దానికి తోడు 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఉండాలి. రోజుకి అయిదు గంటల మంచి ఎండ తగిలి, నష్టాలన్నీ పోగా నాలుగింట మూడొంతులు చేతికొస్తుందనుకుంటే 750 వాట్ అవర్లు, అంటే సుమారు 57 ఆంపియర్ అవర్లు. ఫ్రిజ్ ఖర్చు దాదాపు అక్కడికక్కడే తీరిపోతుంది. ఇంజిన్ నుంచి చార్జ్ చేసే 30 ఆంపియర్ల డీసీ చార్జర్ ఉంటే రెండు గంటల డ్రైవింగ్‌లో ఇంకో 60 వస్తాయి. లిథియం బ్యాటరీ, సోలార్, డీసీ చార్జర్: ఈ మూడింట్లో రెండైనా లేకుండా ఫ్రిజ్ కొనకండి.

ఇంట్లో వాడే 120 వోల్టుల చిన్న ఫ్రిజ్ చవకగా వస్తుందని ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లున్నారు. ఆ ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే గంటకి ఒక ఆంపియర్ అవర్ తింటే రోజుకి 24 పోయినట్టు. పైగా ఆ ఫ్రిజ్‌లలో వేడిని బయటికి వదిలే గొట్టాలు చాలావరకు పక్క గోడల లోపలే ఉంటాయి, గూట్లో ఇరికిస్తే ఊపిరాడదు. తలుపుకి గొళ్లెం ఉండదు, మొదటి మలుపులోనే పాలు నేల మీదుంటాయి. చిన్న వ్యాన్‌కి అది పనికిరాదు.

ఫ్రిజ్ చీటీలో క్లైమేట్ క్లాస్ అని ఒక గుర్తు ఉంటుంది. ఎన్ అంటే చుట్టూ 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ అంటే 38, టీ అంటే 43 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినది. అరిజోనా, నెవాడా వైపు తిరిగేవాళ్లు టీ ఉన్నదే తీసుకోవాలి. మన దగ్గర ఫోర్స్ ట్రావెలర్ మీద క్యారవాన్ కట్టించుకునేవాళ్లకూ ఇదే మాట. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో ఆగిన బండి లోపల 43 ఎప్పుడో దాటిపోతుంది. అక్కడ టీ క్లాస్ కూడా బండి పైకప్పుకి ఇన్సులేషన్, ఫ్యాను ఉంటేనే నెగ్గుకొస్తుంది.

పాతది తీయడం

ముందు సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేయండి. స్టవ్ వెలిగించి గొట్టంలో మిగిలింది కాలిపోనివ్వండి. 120 వోల్టుల ప్లగ్, 12 వోల్టుల ఫ్యూజ్ తీసి, ప్రతి వైరుకీ పేరు రాసిన టేపు చుట్టండి. గ్యాస్ లైను సాధారణంగా 3/8 అంగుళాల రాగి గొట్టం, చివర ఫ్లేర్ నట్ (గొట్టం అంచుని వెడల్పు చేసి బిగించే నట్). దాన్ని విప్పేటప్పుడు రెండు స్పానర్లు కావాలి: ఒకటి నట్ తిప్పడానికి, ఇంకోటి అవతలి ఫిట్టింగ్ కదలకుండా పట్టడానికి. ఒకే స్పానర్‌తో తిప్పితే రాగి గొట్టం మెలితిరిగి సన్నగా పగులుతుంది, ఆ పగులు కంటికి కనిపించదు.

వదిలేసిన గొట్టం చివర ఇత్తడి ఫ్లేర్ ప్లగ్ బిగించడం కనీస పని. స్టవ్ లైను నుంచి చీలిన చోటే ఫిట్టింగ్‌కి క్యాప్ వేసి, ఫ్రిజ్ వైపు గొట్టం మొత్తం తీసేయడం ఇంకా మంచిది. ఫ్లేర్ జాయింట్‌కి టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. అక్కడ గ్యాస్‌ని ఆపేది లోహానికి లోహం అదుముకోవడమే, టేపు అడ్డొస్తే కారుతుంది. సబ్బు నురగతో పరీక్షించేటప్పుడు అమ్మోనియా కలిసిన క్లీనర్ వాడకండి, అది ఇత్తడిని పగలగొడుతుంది. బుడగ రాలేదని అంతటితో ఊరుకోకుండా, మోటర్‌హోమ్ (ఆర్‌వీ) మెకానిక్ చేత ఒత్తిడి కొలిచే మానోమీటర్ పెట్టించి, ఒత్తిడి తగ్గుతోందేమో చూసే ప్రెషర్ డ్రాప్ టెస్ట్ మొత్తం లైనుకి చేయించండి. వంట, నిద్ర ఒకే గదిలో జరిగే బండి ఇది. ఈ ఒక్క పనికి ఖర్చు చూసుకోవద్దు.

ముందు పట్టీలో స్క్రూలు తీశాక కూడా ఫ్రిజ్ కదలకపోతే, బయటి గాలి జాలీ తీసి చూడండి. అడుగున నేలకి బిగించిన స్క్రూలు అక్కడ కనిపిస్తాయి. ఇద్దరు పట్టుకుని బయటికి లాగాలి. గొట్టాలకు దెబ్బ తగలనివ్వకండి, కోయకండి. లోపల ఒత్తిడితో అమ్మోనియా ఉంటుంది. తుప్పు పట్టకుండా కలిపే సోడియం క్రోమేట్ విషం. వెనక పసుపుపచ్చ మరక, ఘాటైన వాసన ఉంటే అది ఇప్పటికే కారుతున్నట్టు. తలుపులన్నీ తెరిచి, చేతికి గ్లవ్స్ వేసుకుని ఆ తర్వాతే ముట్టుకోండి. పారేసేటప్పుడు కూడా మామూలు చెత్తలో కాకుండా, మీ కౌంటీలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

గాలి

పాత ఫ్రిజ్ కోసం బయటి గోడకి కింద ఒకటి, పైన గోడకో కప్పుకో ఇంకోటి జాలీలుంటాయి. వీటిని ఉంచాలా మూయాలా అని చాలామంది అడుగుతారు. రెండూ మూసేయండి. కొత్త ఫ్రిజ్‌లో మంట లేదు, బయటి గాలి అవసరం లేదు. తెరిచి ఉంచితే దుమ్ము, వాన, మధ్యాహ్నపు వేడి నేరుగా కండెన్సర్ (ఫ్రిజ్ వేడిని బయటికి వదిలే గొట్టాలు) మీదికి వస్తాయి. బయట జాలీలు అలాగే ఉంచి, లోపలి నుంచి ఒకటిన్నర అంగుళాల గట్టి ఫోమ్ పలక కోసి, అంచుల్లో బ్యూటైల్ టేపు వేస్తే చాలు. పాత ఫ్రిజ్ గ్యాస్ కారితే దిగిపోవడానికి ఆ గూటి నేలలో చిన్న రంధ్రమేదైనా ఉంటే దాన్నీ మూయండి, లేకపోతే రోడ్డు మీది నీళ్లన్నీ అందులోంచే వస్తాయి.

ఇప్పుడు గాలి వ్యాన్ లోపలి నుంచి రావాలి, వ్యాన్ లోపలికే పోవాలి. ఫ్రిజ్ కింద ఒక సందు, పైన ఒక సందు, ఒక్కొక్కటి కనీసం 200 చదరపు సెంటీమీటర్లు. 20 అంగుళాల వెడల్పున్న అలమరకి ఒకటి ముప్పావు అంగుళాల ఎత్తు చీలిక అంటే సరిపోతుంది. అందం కోసం జాలీ బిగిస్తే, జాలీ పుల్లలు ఆక్రమించే భాగం తీసేసి మిగిలింది లెక్కవేయాలి. సగానికి సగం పోయే జాలీలున్నాయి. కిందినుంచి వచ్చిన చల్లగాలి కండెన్సర్‌ని ఒరుసుకుంటూ పైకెళ్లాలి. పక్క సందుల్లోంచి వేడిగాలి మళ్లీ కిందికి దిగితే ఎంత పెద్ద చీలిక ఉన్నా దండగే. అందుకని ఫ్రిజ్ రెండు పక్కలా, నేల నుంచి పైదాకా ఫోమ్ పట్టీ అంటించి ఆ సందులు మూసేయాలి. పెట్టె పక్క గోడలకి అరంగుళం ఫోమ్ పలక అదనంగా వేస్తే కరెంటూ కాస్త కలిసొస్తుంది. ఇది కండెన్సర్ వెనకున్న ఫ్రిజ్‌లకే. పక్కలు వేడెక్కే రకమైతే ఫోమ్ జోలికి పోవద్దు. వెనక ఖాళీలో మాత్రం ఏ రకానికైనా ఫోమ్ కుక్కకూడదు.

పైచీలికకి వీలు లేకపోతే 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాను పెట్టండి. ఇలాంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే సెకాప్ కంపెనీ బీడీ35, బీడీ50 కంప్రెసర్ల కంట్రోల్ పెట్టె మీద ప్లస్, ఎఫ్ అనే పిన్నులు ఫ్యాను కోసమే ఉన్నాయి. కంప్రెసర్ తిరిగినప్పుడే ఫ్యాను తిరుగుతుంది. సగటున అర ఆంపియర్ దాటని ఫ్యానే వాడాలి. పాత స్టిక్కర్లలో డాన్‌ఫాస్ అని కనిపించినా కంప్రెసర్ ఇదే కుటుంబం.

వైరు

ఫ్రిజ్ చల్లబడటం లేదని కంపెనీకి తిప్పి పంపేవాటిలో చాలావాటికి అసలు జబ్బు వైరే. పాత ఫ్రిజ్ దగ్గర 12 వోల్టుల వైరు ఉంది కదా అని దానికే కలిపేస్తారు. అక్కడ రెండు రకాలు ఉండొచ్చు. ఒకటి గ్యాస్ ఫ్రిజ్ బోర్డుకి వెళ్లే సన్న వైరు, దాని మీద కంప్రెసర్ స్టార్ట్ కాదు. రెండోది హీటర్‌కి వెళ్లే మందమైన వైరు, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఇంజిన్ నడుస్తున్నప్పుడే కరెంటు వచ్చేలా రిలే మీద ఉంటుంది. ఇంజిన్ ఆపగానే ఫ్రిజ్ కూడా ఆగిందంటే ఆ వైరుకి కలిపారన్నమాట.

బ్యాటరీ పక్కనున్న ఫ్యూజ్ బ్లాక్ నుంచి ప్లస్, మైనస్ రెండూ కొత్తగా, ఫ్రిజ్ కోసమే లాగండి. సెకాప్ ఇచ్చే పట్టిక గుర్తుంచుకోవడం తేలిక: 12 వోల్టుల మీద ఎన్ని మీటర్ల దూరమో అన్ని చదరపు మిల్లీమీటర్ల రాగి. 4 మీటర్లకి 4, 6 మీటర్లకి 6, 10 మీటర్లకి 10. అమెరికా గేజ్‌లో ఇవి వరసగా 12, 10, 8. ఫ్యూజ్ 15 ఆంపియర్లు. పంపు, లైట్లు ఇదే లైనులో కలపకూడదు. మైనస్‌ని దగ్గర్లోని బాడీ స్క్రూకి తగిలించకూడదు, పెయింటు, తుప్పు కలిసి అక్కడే అర వోల్టు తినేస్తాయి.

ఎందుకింత మందం అంటే లెక్క చూడండి. 6 మీటర్ల దూరంలో 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోనూ రానూ 12 మీటర్లు, నిరోధం 0.14 ఓములు. 5 ఆంపియర్ల మీద 0.7 వోల్టు వైరులోనే పోతుంది. బ్యాటరీ తెల్లవారుజామున 12 దగ్గర ఉంటే ఫ్రిజ్‌కి 11.3 చేరుతుంది. పాత ఫ్యూజ్ హోల్డరు, రెండు వదులు జాయింట్లు ఇంకాస్త తింటే, 10.4 దగ్గర ఆగిపోయేలా పెట్టిన కంప్రెసర్ తిరగడం మానేస్తుంది. ఒకసారి ఆగాక 11.7 వస్తే గాని మళ్లీ మొదలవదు. బ్యాటరీలో ఇంకా చార్జ్ ఉంది, ఫ్రిజ్ మాత్రం రాత్రిపూట ఆగిపోతోందంటే కారణం దాదాపు ఇదే. పరీక్ష బ్యాటరీ దగ్గర చేయకండి. కంప్రెసర్ తిరుగుతుండగా దాని పిన్నుల మీదే మీటరు పెట్టండి. బ్యాటరీ దగ్గరి అంకెకీ దీనికీ తేడా 0.3 దాటితే వైరునో జాయింటునో మార్చాలి. లెడ్ బ్యాటరీ వాడేవాళ్లకు 10.4 మరీ కింద. అక్కడికి దిగేసరికి బ్యాటరీకి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. సీ, పీ పిన్నుల మధ్య రెసిస్టర్ వేసి 11.3 దాకా పెంచుకోవచ్చు, విలువలు కంప్రెసర్ కాగితంలో ఉంటాయి.

నిలబెట్టడం, నడిపించడం

ఖాళీ ఫ్రిజ్ 25 కిలోల పైమాటే, సరుకు నింపితే 50కి వెళ్తుంది. గట్టిగా బ్రేక్ పడితే ఆ బరువంతా ముందు పట్టీ స్క్రూల మీదే వేలాడకూడదు. అడుగున ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలకని బండి ఫ్రేమ్‌కి బోల్టులతో బిగించి, ఫ్రిజ్ కాళ్లకి ముందూ వెనకా చెక్క అడ్డుపట్టీలు వేయాలి. ముందు పట్టీ స్క్రూలు సన్న ప్యానెల్‌లోకి కాకుండా వెనక అతికించిన గట్టి చెక్కలోకి దిగాలి. ఫ్రిజ్ గోడలకి కొత్త రంధ్రాలు వేయకండి, లోపల చల్లబరిచే గ్యాస్ గొట్టం ఎక్కడ ఉందో పైనుంచి తెలియదు.

తెచ్చేటప్పుడు పడుకోబెట్టి తెస్తే, నిలబెట్టి ఒక రాత్రి వదిలి ఆ తర్వాత ఆన్ చేయండి. కంప్రెసర్ నూనె కిందికి దిగాలి. మొదటి రోజు ఖాళీగా, మధ్య అరలో నీళ్ల గ్లాసు పెట్టి అందులో థర్మామీటర్ ముంచి 24 గంటలు నడపండి. గాలి ఉష్ణోగ్రత తలుపు తీసినప్పుడల్లా ఎగిరిపడుతుంది, నీటిది నిలకడగా ఉంటుంది. 4 డిగ్రీల సెల్సియస్, అంటే 40 ఫారెన్‌హైట్ లోపు ఉండాలి. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంటే కండెన్సర్ వెనక ఇంకో థర్మామీటర్ పెట్టండి. అక్కడ గదికన్నా 10, 15 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే పైచీలిక చాలడం లేదు.

ఇంకా తెలియకపోతే ప్లస్, డీ పిన్నుల మధ్య చిన్న ఎల్‌ఈడీ తగిలించండి, నాలుగు సెకన్లకోసారి మెరిసి జబ్బు చెప్తుంది. ఒక మెరుపు: వోల్టేజి తక్కువ. రెండు: ఫ్యాను ఎక్కువ లాగుతోంది. మూడు: మోటారు స్టార్ట్ కాలేదు. నాలుగు: లోడు ఎక్కువై వేగం నిలవడం లేదు. అయిదు: కంట్రోల్ పెట్టె వేడెక్కింది. ఒకటి వస్తే వైరు, అయిదు వస్తే గాలి. రెండు వస్తే ఫ్యాను మార్చండి. మూడు వస్తే అయిదు నిమిషాలు ఆపి మళ్లీ పెట్టండి. పదే పదే అవే వస్తే మెకానిక్‌ని పిలవండి.

వాడకంలో ఒక్క సంగతి. వేడి పప్పు, అప్పుడే తోడేసిన పెరుగు లోపల పెట్టకండి, ఏదైనా మూత లేకుండా పెట్టకండి. ఆ ఆవిరంతా ఫ్రీజర్ పలక మీద మంచై పేరుకుంటుంది. పావు అంగుళం పేరుకోగానే ఆపి కరిగించాలి. చాకుతో గీకితే పలకకి చిల్లు పడుతుంది, గ్యాస్ పోతుంది, ఫ్రిజ్ మొత్తం పోయినట్టే. పులిసే పిండి గిన్నెలో మూడో వంతు ఖాళీ వదిలి, గొళ్లెం ఉన్న మూత పెట్టండి. కండెన్సర్ మీద దుమ్ముని ఆరు నెలలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపండి. బండిని చలికాలం అంతా పక్కన పెట్టేటప్పుడు ఫ్రిజ్ ఆపి, తుడిచి, తలుపు గొళ్లేన్ని సగం తెరిచి ఉండే స్థానంలో వదిలేయండి. అది లేని ఫ్రిజ్ అయితే మడిచిన తువ్వాలు అడ్డం పెట్టినా చాలు, బూజు పట్టదు.